బెణికిన కాలి మీద చెయ్యి వేసేముందు...

పెరట్లో బట్టలారేస్తూండగా, పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి చప్పున గుర్తొచ్చింది. ఒక్క ఉదుటున లోపలికి పరిగెత్తారు. తడిసిన మెట్టు మీద పాదం లోపలికి మడతపడి, ఒంటి బరువంతా దానిమీదే పడింది. పాలు ఎటూ పొంగిపోయాయి. మీరు గడప పట్టుకుని కూలబడ్డారు. పది నిమిషాలు తిరిగేసరికి చీలమండ బయటివైపు కోడిగుడ్డంత వాపు!

ఇక సలహాలు మొదలు. అత్తగారేమో చింతపండూ ఉప్పూ ఉడికించి పట్టు వెయ్యమంటారు. పక్కింటావిడ ఆముదం రాసి కాపడం పెట్టమంటుంది. "నాలుగో వీధిలో ఒకాయనున్నాడు, పట్టుకుని ఒక్క లాగు లాగాడంటే సర్దుకుంటుంది" అని ఇంకొకావిడ. శ్రీవారు "రేపటికదే తగ్గుతుందిలే" అని మళ్ళీ పేపర్లో తల దూర్చేస్తారు. అందరూ మీ మేలు కోరేవాళ్ళే. ఎవరి మాట వినాలి?

బెణికిన కాలికి చెయ్యి మంచి మందే. మర్దనా అనండి, మాలీషు అనండి, ఇప్పుడు ఫిజియోథెరపీ వాళ్ళు చెప్పే మాన్యువల్ థెరపీ అనండి, అన్నీ చేత్తో చేసేవే. కానీ ఏ రోజున, ఎవరి చెయ్యి, ఏ చోట పడాలన్నదే అసలు సంగతి. అది తెలియకనే కొందరు మొదటిరోజే నలిపించుకుని వాపు పెంచుకుంటారు. ఇంకొందరు చెయ్యి పడవలసిన రోజున పడనివ్వక, ఏళ్ళ తరబడి బిగుసుకుపోయిన కాలితోనే సంసారం ఈదుకొస్తారు. ఈ రెండో రకం వాళ్ళే మనలో ఎక్కువ.

పట్టుకారు మధ్య ఎముక

ముందు లోపల ఏముందో కొంచెం తెలుసుకుందాం. విసుక్కోకండి, రెండు నిమిషాల పని.

మోకాలి కింద రెండు ఎముకలున్నాయి. లోపలివైపు లావుది టిబియా, బయటివైపు సన్నది ఫిబ్యులా. చీలమండకి అటూ ఇటూ బుడిపెల్లా చేతికి తగిలేవి ఈ రెండింటి చివరలే. ఆ రెండు బుడిపెల మధ్య, పట్టుకారు పట్టిన గిన్నె అంచులాగా, టాలస్ అనే ఎముక ఇరుక్కుని ఉంటుంది. ఒంటి బరువంతా దాని మీదుగానే పాదంలోకి దిగుతుంది. తమాషా ఏమిటంటే, ఇంత బరువు మోసే ఆ ఎముకకి నేరుగా అతుక్కున్న కండ ఒక్కటీ లేదు. చుట్టూ ఉన్న ఎముకలు ఎటు నెడితే అటు జరుగుతుంది, అంతే.

ఇంకో విశేషం. టాలస్ ముందువైపు వెడల్పు, వెనకవైపు సన్నం. మీరు కింద గొంతుక్కూర్చున్నప్పుడు, మెట్లు దిగేటప్పుడు, మోకాలు పాదం మీదుగా ముందుకి వంగుతుంది కదా. అప్పుడు ఆ వెడల్పు భాగం వచ్చి పట్టుకారు మధ్య దూరాలి. దూరాలంటే టాలస్ పిసరంత వెనక్కి జారాలి. కంటికి కనిపించని ఆ జారుడు మీదే మన కూర్చోవడాలూ లేవడాలూ ఆధారపడి ఉన్నాయి. కాలు బెణికి, వాచి, నాలుగు వారాలు కదలకుండా ఉంటే ముందుగా పోయేది అదే.

ఎముకల్ని కలిపి కట్టి ఉంచే గట్టి పట్టీల్లాంటివాటిని లిగమెంట్లంటారు. చీలమండ బయటివైపు ఇవి మూడున్నాయి. పాదం లోపలికి మడతపడితే మామూలుగా ముందు వైపుది సాగుతుంది, లేదా చిరుగుతుంది. బెణుకు అంటే ఇదే. ఎముక పక్కకి తొలగడం కాదు. అందుచేత "లాగి సర్దడానికి" అక్కడ సర్దవలసింది ఏమీ లేదు.

మొదటి మూడు రోజులు

అన్నిటికంటే ముందు మెట్టెలూ పట్టీలూ తీసెయ్యండి. "మెట్టెలు తీయడమేమిటమ్మా!" అని ముక్కున వేలేసుకోకండి. వాపు వేళ్ళదాకా దిగితే అప్పుడు వాటిని కత్తిరించాల్సి వస్తుంది. తీసి దేవుడి దగ్గర పెట్టుకోండి, తగ్గాక మళ్ళీ పెట్టుకోవచ్చు.

తరవాత, ఇది బెణుకేనా, ఎముక విరిగిందా అన్నది. కెనడాలోని ఒటావాలో ఇయాన్ స్టీల్ అనే డాక్టరూ, ఆయన తోటివారూ 1992లో దీనికి తేలికైన పరీక్ష ఒకటి ప్రకటించారు. ప్రపంచమంతటా ఆసుపత్రుల్లో డాక్టర్లు వాడేది ఇదే. దెబ్బ తగలగానే నాలుగడుగులు వెయ్యగలిగారా? ఆసుపత్రికెళ్ళాక వెయ్యగలిగారా? కుంటుకుంటూ అయినా సరే, నాలుగు పడితే మంచిదే. రెండుసార్లూ పడకపోతే ఎక్స్‌రే తీయించాలి. అలాగే రెండు బుడిపెల చివరా, వాటి వెనక అంచు పైకి సుమారు ఆరు సెంటీమీటర్ల మేరా వేలితో ఎముక మీదే నొక్కి చూడండి. పాదం బయటి అంచున, చిటికెనవేలికీ మడమకీ నడుమ ఒక ఎముక పొడుచుకొచ్చి ఉంటుంది, అక్కడా నొక్కండి. లోపలివైపు, చీలమండకి కాస్త ముందు పాదం పైకి లేచిన చోటా చూడండి. ఎముక మీదే ప్రాణం పోయినంత నొప్పి అనిపిస్తే చింతపండు జోలికి పోకుండా ఆసుపత్రికెళ్ళండి. షుగరుతో పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళూ, ముసలివాళ్ళూ, చిన్నపిల్లలూ అయితే ఈ పరీక్ష మీద ఆధారపడకుండా డాక్టరుకి చూపించడమే క్షేమం.

బెణుకే అని తేలింది, సరే. కాలు దిండు మీద ఎత్తుగా పెట్టుకోండి. వాపు పెరగకుండా క్రేప్ బ్యాండేజీ వేళ్ళ దగ్గర్నించి పైకి చుట్టండి, మరీ బిగించొద్దు. ఐసు సంగతికొస్తే దీనికో కథ ఉంది. విశ్రాంతి, ఐసు, కట్టు, ఎత్తు అన్న నాలుగు సూత్రాలకి 1978లో పేరు పెట్టి ప్రచారంలోకి తెచ్చినాయన గేబ్ మిర్కిన్ అనే అమెరికన్ డాక్టరు. ఆయనే 2014లో ఐసూ, పూర్తి విశ్రాంతీ మానడాన్ని ఆలస్యం చేయవచ్చునని మాట మార్చుకున్నారు. కాబట్టి నొప్పి తట్టుకోలేనప్పుడు గుడ్డలో చుట్టిన ఐసు పది, పదిహేను నిమిషాలు పెట్టుకోండి. రోజంతా పెట్టుక్కూర్చోనక్కర్లేదు. మంచానికి అతుక్కుపోనూ వద్దు. నొప్పి ఓర్చుకోగలిగినంతలో పాదం పైకీ కిందకీ ఆడిస్తూ, ఊతంతో నాలుగడుగులు వేస్తూ ఉండాలి.

ఈ మూడు రోజులూ చెయ్యొద్దనేవి కూడా చెప్పాలి. వాచినచోట మర్దనా వద్దు, వేడి కాపడం వద్దు. లోపల చిరిగిన సన్నని రక్తనాళాలు ఇంకా మూసుకోలేదు. నలిపితే మళ్ళీ చెమ్మగిలి వాపు రెట్టింపవుతుంది. చింతపండు పట్టు పాతకాలం నించీ వస్తున్నదే, నేను కాదనను. కానీ దాన్ని పొగలు కక్కుతుండగా వేస్తారు చూడండి, అదొద్దు. చర్మం బొబ్బలెక్కుతుంది, షుగరున్నవాళ్ళకి కాలిన సంగతి కూడా తెలియదు. ఇక బామ్‌లంటారా, 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు అమృతాంజనం తయారుచేసినప్పటి నించీ మనకవి ఇంటి దేవతలే. వాటి చల్లదనమూ వేడీ చర్మానికే తెలుస్తాయి, మనసుకి హాయిగా ఉంటుంది. కీలు బిగుతు మాత్రం వాటితో వదలదు.

కట్లు కట్టేవాళ్ళ మాటా చెప్పుకోవాలి. తిరుపతి దగ్గరి పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువాళ్ళుండరు. ఎవరి నమ్మకం వారిది. ఒక్కటి మాత్రం పట్టుబట్టండి: ఎక్స్‌రే తియ్యకుండా ఎవరిచేతా కాలు లాగించుకోవద్దు. కట్టు ఎవరు కట్టినా, అది పెద్దాసుపత్రి పిండికట్టు అయినా సరే, వేళ్ళు చల్లబడినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కి స్పర్శ తెలియకపోయినా, నొప్పి గంటగంటకీ పెరుగుతున్నా, తెల్లారనిద్దాం అనుకోకుండా ఆ రాత్రే వెళ్ళి విప్పించండి. బిగుసుకున్న కట్టు వల్ల రక్తం అందక పాదం కుళ్ళిపోయి, కాలే తీసెయ్యవలసి వచ్చిన సందర్భాలు మన దేశంలో డాక్టర్లు ఎన్నోసార్లు రాశారు.

పిక్క పట్టేసిందని నూనె రాస్తున్నారా?

ఇది చెప్పడానికి మనసొప్పదు, కానీ చెప్పకపోతే తప్పు. 2016లో ఢిల్లీలో ఒక యువకుడికి ఆటలో చీలమండ దగ్గర దెబ్బ తగిలింది. పిండికట్టు వేశారు. కట్టు విప్పాక కూడా కాలు నొప్పీ వాపూ తగ్గకపోతే, ఏ తల్లయినా చేసే పనే ఆ తల్లీ చేసింది. నూనె రాసి కాలు మర్దనా చేసింది. కాసేపటికే కుర్రాడు కుప్పకూలాడు. మళ్ళీ లేవలేదు. కదలకుండా ఉన్న కాలి సిరలో గడ్డకట్టిన రక్తం అక్కణ్ణించి ఊడి, ఊపిరితిత్తుల నాళానికి అడ్డుపడిందని పోస్టుమార్టంలో తేలింది. ఎయిమ్స్ డాక్టర్లు ఈ సంగతి వైద్య పత్రికలో రాశారు. ఆ తల్లి తప్పేమీ లేదు. ఆమెకి చెప్పినవాళ్ళు లేరు, అంతే.

ఇలాంటివి అరుదే. భయపడి మర్దనా అన్నదే మానెయ్యమని కాదు నేననేది. గుర్తులు తెలిసుంటే చాలు. పిండికట్టు వేసుకున్నవాళ్ళు, ఆపరేషనయి మంచాన ఉన్నవాళ్ళు, బాలింతలు, ముఖ్యంగా సిజేరియన్ అయి ఆరు వారాలు దాటనివాళ్ళు, క్యాన్సరు మందులు వాడుతున్నవాళ్ళు - వీళ్ళలో రక్తం గడ్డకట్టే అవకాశం ఎక్కువ. వీళ్ళకి ఒక్క కాలి పిక్క మాత్రమే వాచి, వెచ్చగా, ఎర్రగా ఉండి, బిగదీసినట్టు నొప్పిగా ఉంటే చెయ్యి వెయ్యకండి. అదే రోజు డాక్టరుకి చూపించండి. డాప్లర్ స్కానింగ్ తీస్తే తెలిసిపోతుంది, మందులతో లొంగుతుంది. దానికి తోడు ఆయాసం, గుండెలో పోటు వచ్చాయంటే 108కి ఫోన్ చెయ్యండి. బాలింతకి వళ్ళు పట్టడం మన ఇళ్ళలో ముచ్చటైన ఆచారం. పట్టేముందు రెండు పిక్కలూ పక్కపక్కన పెట్టి ఒకసారి చూడమని మీ అమ్మగారికీ, ఒళ్ళుపట్టే ఆవిడకీ చెప్పండి. ఆచారం పోదు, ప్రాణం దక్కుతుంది.

నొప్పి పోయింది, బిగుతు పోలేదు

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. మూడు వారాలయింది. వాపు తీసింది, నొప్పి తగ్గింది. మీరూ మామూలుగా పనుల్లో పడ్డారు. కానీ ముగ్గు వెయ్యడానికి కూర్చుంటే ఆ కాలి మడమ నేలకి ఆనడం లేదు. కత్తిపీట ముందు కూర్చుంటే కాలు పక్కకి జరుపుకుంటున్నారు. మేడ మెట్లు దిగేటప్పుడు ఆ కాలు అడ్డంగా పెడుతున్నారు. బస్సు దిగేటప్పుడు కాలు తూలుతోంది. రెండు నెలలు తిరక్కుండా అదే కాలు మళ్ళీ మడతపడుతోంది. "నా కాలు జాతకమింతే" అని సరిపెట్టుకుంటారు. జాతకం కాదండీ, టాలస్ వెనక్కి జారడం మానేసింది.

కావాలంటే ఇప్పుడే చూసుకోండి. పత్రిక పక్కన పెట్టి, టేపు తీసుకుని గోడ దగ్గరికెళ్ళండి. బొటనవేలు గోడకి ఆనించి, మడమ నేల మీంచి లేవకుండా మోకాలితో గోడని తాకండి. తాకిందా? పాదం కొంచెం వెనక్కి జరపండి. మళ్ళీ తాకండి. మడమ లేవకుండా ఎంత దూరం నించి తాకగలిగితే అంత దూరం కొలిచి రాసుకోండి. రెండో కాలితోనూ చెయ్యండి. అందరికీ ఒకే కొలత ఉండదు, పొడుగూ పొట్టీని బట్టి మారుతుంది. చూడవలసింది మీ రెండు కాళ్ళ మధ్య తేడా. రెండు సెంటీమీటర్లు, అంతకు మించి తేడా ఉందంటే ఆ కీలు ఇంకా బిగుసుకునే ఉందన్నమాట. వంగినప్పుడు వెనక పిక్కలో లాగినట్టుంటే బిగుతు కండలో ఉంది. చీలమండ ముందు ఏదో అడ్డుపడ్డట్టుంటే బిగుతు కీలులో ఉంది. ఈ రెండోదానికే చేతివైద్యం కావాలి.

చేతులు ఏం చేస్తాయి?

ఫిజియోథెరపిస్టు దగ్గరికెళ్తే మిమ్మల్ని బల్ల మీద వెల్లకిలా పడుకోబెడతారు. మడమ బల్ల అంచు దాటి ఉంటుంది. ఒక చేత్తో బుడిపెలకి కాస్త పైన కాలు కదలకుండా పట్టుకుంటారు. రెండో చేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న వంపుని చీలమండ ముందు, సరిగ్గా టాలస్ మీద ఆనించి, కింద బల్లవైపుకి నెమ్మదిగా నొక్కుతారు, వదులుతారు, నొక్కుతారు, వదులుతారు. ఉయ్యాల ఊపినట్టుంటుంది. ఒక నిమిషం చేసి ఆగుతారు, మళ్ళీ చేస్తారు. చూసేవాళ్ళకి "దీనికా డబ్బులు!" అనిపిస్తుంది. ఆ జరిగేది మిల్లీమీటర్ల లెక్క. ఎక్కడ నొక్కాలి, ఎంత నొక్కాలి, ఎప్పుడు ఆపాలి అన్నదానికే ఏళ్ళ చదువు.

ఆ ఊపులో నాలుగు మెట్లున్నాయని లెక్కగట్టినాయన ఆస్ట్రేలియాకి చెందిన జెఫ్రీ మెయిట్‌లాండ్. మొదటి రెండూ నొప్పి తగ్గడానికి, బిగుతు మొదలయ్యే చోటుదాకా వెళ్ళకుండా చేసేవి. తరవాతి రెండూ ఆ బిగుతు అంచుదాకా వెళ్ళి దాన్ని సడలించడానికి. నొప్పిగా ఉన్న కాలికి నాలుగో మెట్టు ఊపు ఊపితే కీడే. అందుకే మంచి థెరపిస్టు చెయ్యి వేసేముందు చాలాసేపు ప్రశ్నలడుగుతారు. రాగానే కాలు పట్టుకుని పని మొదలెట్టేవాళ్ళ దగ్గర కొంచెం జాగ్రత్తగా ఉండండి.

ఇంకో పద్ధతి న్యూజిలాండుకి చెందిన బ్రయన్ మల్లిగన్ 1980ల్లో తెచ్చింది. నాకు ఇది బాగా నచ్చింది, ఎందుకంటే ఇందులో రోగి కూడా పని చెయ్యాలి. బెణికిన కాలిని ఎత్తు పీట మీదో, బల్ల మీదో పెట్టి నిలబడతారు. కాలి వెనక, చీలమండకి పైన ఒక బెల్టు వేసి థెరపిస్టు తమవైపు, అంటే ముందుకి లాగుతారు. చేత్తో టాలస్‌ని వెనక్కి అదిమి పట్టుకుంటారు. అలా పట్టుకుని ఉండగా మీరు మోకాలు ముందుకి వంచాలి. సూత్రం ఒకటే, నొప్పి పుట్టకూడదు. నొప్పి పుడితే పట్టు మారుస్తారు, అప్పటికీ పుడితే మానేస్తారు. ఓర్చుకోమ్మా, ఓర్చుకుంటేనే తగ్గుతుంది అనడం ఈ పద్ధతిలో లేదు.

బిగుతు ఎప్పుడూ చీలమండ దగ్గరే ఉండాలని లేదు. సన్న ఎముక ఫిబ్యులా పై చివర మోకాలి బయటివైపు, కాస్త కిందగా చేతికి గుండుగా తగులుతుంది. చీలమండ కదిలినప్పుడల్లా అదీ కొద్దిగా కదలాలి. అది బిగుసుకుంటే అక్కడా చేత్తో ముందుకీ వెనక్కీ కదిలిస్తారు. ఇంట్లో ఎవరూ ఈ చోట గట్టిగా నొక్కకండి. పాదాన్ని పైకెత్తే నరం సరిగ్గా దాని మెడ చుట్టూ తిరిగి వెళుతుంది. దాన్ని అణిస్తే పాదం తిమ్మిరెక్కుతుంది. ఎగుడుదిగుడు దారిలో మాత్రమే కాలు తూలేవాళ్ళకి టాలస్ కింద, మడమ ఎముకతో కలిసే కీలులో బిగుతు చూస్తారు. మడమని గుప్పిట్లో పట్టుకుని అటూ ఇటూ వాలుస్తారు.

"టప్" మని చప్పుడొచ్చేలా లాగడం కూడా ఉంది. చదువుకున్న థెరపిస్టులూ అవసరమైనచోట చేస్తారు. ఆ చప్పుడు ఎముక చోటులో కూర్చున్న చప్పుడని మన నమ్మకం. కాదు. కీలులో ఉండే జిగురునీటిలో బుడగలాంటి ఖాళీ ఒకటి ఏర్పడడం వల్ల వచ్చేది. కెనడాలో 2015లో వేళ్ళు విరుచుకుంటున్నప్పుడు ఎమ్మారై తీసి చూశారు కూడా. చప్పుడొస్తే తగ్గినట్టూ కాదు, రాకపోతే వైద్యం పారనట్టూ కాదు. ఎముకలు గుల్లబారినవాళ్ళకీ, కీళ్ళవాతంతో కీలు వాచి వేడిగా ఉన్నవాళ్ళకీ ఈ లాగుడు పనికిరాదు.

ఇంతకీ గుణమేనా? ఆస్ట్రేలియాలో 2001లో కొత్తగా కాలు బెణికిన 41 మందిని చూశారు. అందరికీ విశ్రాంతి, ఐసు, కట్టు ఇచ్చారు. కొందరికి వాటితోపాటు పైన చెప్పిన టాలస్ ఊపు, నొప్పి పుట్టకుండా మృదువుగా, కలిపారు. ఊపు చేయించుకున్నవాళ్ళు తక్కువసార్లకే నొప్పి లేకుండా పాదం వంచగలిగారు. మృదువుగా, చదువుకున్న చెయ్యి అన్నది గమనించండి. అది మొదటి మూడు రోజుల్లో ఇంట్లో నలిపే మర్దనాలాంటిది కాదు. రెండోవైపూ చెప్పాలి కదా. ఎముక విరిగి పిండికట్టు విప్పినవాళ్ళకి వ్యాయామాలతోపాటు ఈ చేతివైద్యం కూడా కలిపితే అదనంగా ఒరిగిందేమీ లేదని ఆస్ట్రేలియాలోనే 2008లో తేల్చారు. అంటే విరిగిన కాలికి ముఖ్యం వ్యాయామమే. "పాతిక సిట్టింగులు, ముందే డబ్బు కట్టండి" అనేవాళ్ళుంటే ఈ మాట గుర్తుంచుకోండి. ఒకటి రెండుసార్లు చేయించుకోగానే ఇంటికొచ్చి గోడ దగ్గర టేపు పెట్టి కొలుచుకోండి. నాలుగైదుసార్లయినా కొలత కదలకపోతే, "ఎందుకు కదల్లేదండీ?" అని మొహమాటం లేకుండా అడగండి.

మీ వంతు పని

థెరపిస్టు చేతులు వారానికి రెండుసార్లు పడతాయి. మిగిలిన రోజుల్లో వచ్చిన వంపుని నిలబెట్టుకోవలసింది మీరే. లేకపోతే కాచిన నెయ్యి మళ్ళీ పేరుకున్నట్టే.

గోడ దగ్గరి కొలతే వ్యాయామం కూడా. రోజుకి రెండుసార్లు, ఒక్కోసారి పదిసార్లు, మడమ లేవకుండా మోకాలితో గోడ తాకడం. పిక్క బిగుతుంటే ఆ కాలు వెనక్కి పెట్టి, మోకాలు చాచి, గోడని రెండు చేతులతో నెడుతూ అర నిమిషం నిలబడడం. మూడు వారాలు దాటాక, ఇందాక చెప్పిన గుర్తులేవీ లేవనుకున్నాక, పిక్కకి నువ్వులనూనె రాసి కిందనించి పైకి, మోకాలి వైపుకి నిమరడం హాయిగానే ఉంటుంది. మిగిలిపోయిన వాపు తియ్యడానికీ సాయపడుతుంది.

కుర్చీలో కూర్చుని, కాలు గాలిలో ఉంచి, బొటనవేలితో అక్షరాలు రాయమని ఫిజియోథెరపిస్టులు చెబుతారు. ఇంగ్లీషు వాళ్ళు వాళ్ళ ఇరవయ్యారూ రాస్తారు. మనకి యాభయ్యారు! పైగా మనవి గుండ్రని అక్షరాలు, కాలు అన్నివైపులా తిరుగుతుంది. 'ఱ' రాసి చూడండి, తెలుస్తుంది. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుంటే వాళ్ళకి అక్షరాలూ వచ్చేస్తాయి.

అన్నిటికంటే అశ్రద్ధ చేసేది ఒంటికాలి మీద నిలబడడం. లిగమెంట్లు తాళ్ళు మాత్రమే కావు, కాలు ఎటు వాలుతోందో మెదడుకి కబురు చేసే నరాల కొసలు వాటిలో ఉన్నాయి. తాడు చిరిగినప్పుడు ఆ కబురూ తెగిపోతుంది. కాలు మళ్ళీ మళ్ళీ మడతపడడానికి ఇదీ ఒక కారణమనీ, నిలకడ సాధన చేస్తే తగ్గుతుందనీ 1965లోనే ఇంగ్లండులో ఫ్రీమన్ అనే డాక్టరూ ఆయన తోటివారూ రాశారు. పొద్దున పళ్ళు తోముకుంటున్నంతసేపూ బెణికిన కాలి మీద నిలబడండి. రెండో చెయ్యి గోడకి అందుబాటులో ఉండాలి. మొదట్లో పది లెక్కపెట్టేలోపే తూలుతారు, అలవాటు మీద నిలుస్తారు. స్టవ్ దగ్గర మాత్రం ఈ సర్కస్ వద్దు. అది కుదిరాక కళ్ళు మూసుకుని, తరవాత మడతపెట్టిన దుప్పటి మీద. ఆపైన మెట్టు అంచున రెండు కాళ్ళ మునివేళ్ళ మీద లేచి, నెమ్మదిగా దిగడం. ఇవన్నీ ఆరు వారాలైనా వదలకుండా చెయ్యాలి.

అన్నట్టు, మడమ దగ్గర ఒకవైపే అరిగిపోయిన హవాయి చెప్పులు ఇంకా ఈడుస్తుంటే అవి ఇవాళే పారెయ్యండి.

ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్ళేముందు

బి.పి.టి. గానీ ఎం.పి.టి. గానీ చదివినవారేనా అని అడగండి, అడగడంలో తప్పేమీ లేదు. పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో ఫిజియోథెరపీ విభాగాలుంటాయి. ప్రైవేటులో సిట్టింగుకి ఎంతో ముందే కనుక్కోండి. మగవారి చేత కాలు పట్టించుకోవడానికి ఇబ్బందిగా ఉంటే, "లేడీ ఫిజియోథెరపిస్టు ఏ టైముకి ఉంటారండీ?" అని ఫోన్లోనే అడిగెయ్యండి. ఈ రంగంలో ఆడపిల్లలు చాలామంది ఉన్నారు. పాత ఎక్స్‌రేలు, వాడుతున్న మందుల చీటీలు సంచిలో వేసుకోండి. రక్తం పలచబడే మందులు, స్టెరాయిడ్లు వాడుతుంటే అడక్కపోయినా చెప్పండి. చీర కన్నా మోకాలిదాకా జరుపుకోవడానికి వీలైన వదులు పైజామా అయితే మేలు. బాగున్న కాలిని కూడా చూపించండి. దానితో పోల్చి చూస్తేనే రెండోది ఎంత బిగుసుకుందో వాళ్ళకి తెలిసేది.